ఎలాగూ ఇంగ్లండ్ వెళ్తున్నాం కదా

నేను ఇంతకుముందు రాయలేకపోవడానికి కారణం ఇడ్లీలు.

బాపట్ల నుంచి సముద్రానికి వెళ్ళే రోడ్డు చివర, ఇసక మొదలయ్యే చోట మా అమ్మానాన్నలకి టిఫిన్ పాక ఉండేది. బడి గంట కొట్టే వేళా, మా పాక ముందు జనం మూగే వేళా ఒకటే. నా తమ్ముళ్ళు కడిగిన ప్లేట్లకి జిడ్డు వదిలేది కాదు, అందుకని వాళ్ళని బడికి పంపారు. నేను శుభ్రంగా కడిగేదాన్ని, అందుకని నన్ను పంపలేదు. తర్వాత పెళ్ళి, పిల్ల, సంసారం. మా ఆయన రోజూ పేపరు పైకి చదివేవారు. లోకంలో సంగతులు ఎలాగూ చెవిన పడుతున్నాయి కదా అని నేనూ పట్టించుకోలేదు. ఆయన పోయాక చదువు లేని లోటు తెలిసొచ్చింది, కానీ అప్పటికి సిగ్గు అడ్డొచ్చింది.

అక్షరాలు నాకు అమెరికాలో వచ్చాయి. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంటికి వచ్చాక, మనవరాల్ని శనివారం తెలుగు క్లాసులో చేర్చారు. మిగతా తల్లిదండ్రులు పిల్లల్ని దింపి షాపింగ్‌కి వెళ్ళేవాళ్ళు. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పాఠం చెప్పే అమ్మాయి వారమంతా సాఫ్ట్‌వేర్ పని చేసుకుని, శనివారం ఊరికే వచ్చి చెప్పేది. "ఆంటీ, ఎలాగూ కూర్చున్నారు కదా, మీరూ దిద్దండి" అని ఒక పలక ఇచ్చింది. అలా మొదలైంది. మనవరాలు కొన్నాళ్ళకి స్విమ్మింగ్ క్లాసుకి మారిపోయింది. నేను గుణింతాల్లో మిగిలిపోయాను. రెండేళ్ళలో వత్తులు కూడా లొంగాయి.

ఇప్పుడు రాయగలను కాబట్టి, మేం ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున విశ్రాంతి తీసుకోవాలనుకున్న సంగతి రాస్తాను. అమెరికాలో మనవాళ్ళు విశ్రాంతి ఎలా తీసుకుంటారో ఎవరో ఒకరు రాసి పెట్టడం మంచిది.

విశ్రాంతి కావలసింది మా అమ్మాయికి. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పైగదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉంది. నేను మజ్జిగ పట్టుకెళ్ళేసరికి తల కీబోర్డు మీద ఉంది, స్క్రీన్‌లో ఎవరో ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నారు. హాస్పిటల్లో ఓ పూట ఉంచుకుని, పరీక్షలన్నీ చేసి, బీపీ అన్నారు. డాక్టరమ్మ మా అల్లుడి వైపు తిరిగి, మందులు ఒక వంతు, విశ్రాంతి మూడు వంతులు అంది. ఈసారి స్పృహ తప్పింది, ఇలాగే సాగితే వచ్చేసారి ఏం తప్పుతుందో చెప్పలేనంది. ఆ మాట అల్లుడు నాకు తెలుగులో చెప్పేటప్పుడు కొంచెం మింగేశాడు. మింగిన చోటు నాకు తెలిసింది.

ఇంటికొచ్చాక మా అమ్మాయి పడుకునే మాట్లాడింది. "అమ్మా, ఇంగ్లండ్ వెళ్దామా?"

"డాక్టరు విశ్రాంతి తీసుకోమందే."

"అందుకే. మా ఆఫీసులో ఒకావిడది అక్కడ సముద్రం ఒడ్డున ఊరు. చిన్నది. చూడ్డానికి ఏమీ లేదట. ఎప్పుడూ ముసురు పడుతుందట. జనం కార్లో వచ్చి, సముద్రం వైపు తిప్పి ఆపుకుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగి వెళ్ళిపోతారట."

"దిగరా?"

"దిగరట."

"మరి ఏం చూస్తారు?"

"ఏమీ చూడరమ్మా. అదే కదా." ఆ మాటంటున్నప్పుడు దాని మొహం చిన్నప్పుడు జ్వరం దిగిన పొద్దుటిలా తేటగా ఉంది.

ఫ్లోరిడా సముద్రం మాకు కార్లో వెళ్ళేంత దూరమే కదా అన్నాను. అక్కడైతే ఫోన్ ఎత్తుతానంది. ఇంగ్లండ్ అయితే, ఇక్కడ ఆఫీసు తెరిచే వేళకి అక్కడ సగం రోజు అయిపోతుంది కాబట్టి, ఫోన్ ఎక్కడో పడేసి వెళ్ళొచ్చంది. లాప్‌టాప్‌లో ఒక ఇల్లు చూపించింది. రెండు గదులు. ఒక గోడంతా కిటికీ, కిటికీ నిండా బూడిదరంగు సముద్రం. కిటికీకి ఎదురుగా పాత కుర్చీలు. వంటిల్లు అనుకోవాల్సిన మూలలో ఒక కెటిలూ, చిన్న కరెంటు పొయ్యీ. ఆ కుర్చీల్నే చూస్తూ కూర్చుంది.

ఒక సంగతి చెప్పాలి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినా సముద్రాన్ని నేను సరిగ్గా చూడలేదు. మా పాకలో ప్లేట్లు కడిగే తొట్టి రోడ్డు వైపు ఉండేది. జనం నాకెదురుగా, సముద్రం నా వెనక. ఆదివారం బస్సుల్లో వచ్చే జనం విశ్రాంతికనే వచ్చేవాళ్ళు. దిగగానే ఇడ్లీలకి ఎగబడేవాళ్ళు, పిల్లల్ని కొట్టేవాళ్ళు, కేరేజీలు పోగొట్టుకునేవాళ్ళు, సాయంత్రం బస్సు పోతుందని కేకలేసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. విశ్రాంతంటే అదే కాబోలు అనుకునేదాన్ని. అందుకని, కార్లోంచి కూడా దిగని ఇంగ్లండ్ వాళ్ళ మీద నాకు వెంటనే గౌరవం కలిగింది.

అంతా బాగానే ఉంది కానీ, మా అల్లుడి స్నేహితుడు ఆఫీసు పని మీద అట్లాంటా వచ్చి, మా ఇంటికి భోజనానికొచ్చాడు. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటాడు. ఇద్దరూ కాలేజీలో ఒకే గది.

"సమ్మర్ ప్లాన్స్ ఏంట్రా?" అన్నాడు గుత్తొంకాయ కలుపుకుంటూ.

"ఇంగ్లండ్ వెళ్ళి బీచ్ దగ్గర ఊరికే కూర్చుందామని."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేరా."

"అది అర్థమైంది. యాక్టివిటీస్ ఏంటి?"

అల్లుడు నా వైపు చూశాడు. నేను అప్పడాల వైపు చూశాను.

"మీరొక్కళ్ళే వెళ్తే పిచ్చెక్కిపోతార్రా," అన్నాడు స్నేహితుడు జాలిగా. "మేమూ వస్తాం. డెట్రాయిట్ వాళ్ళని కూడా అడుగుదాం. అందరం కలిసి చిల్ అవుదాం. ఏమంటారాంటీ?"

ఏమనాలి? ఇంటికొచ్చి అన్నం తింటున్న మనిషిని రావద్దని ఎలా అంటాం? "రండి నాయనా," అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "నేనున్నానుగా, మీకు బయట తిండి బాధ లేకుండా వండి పెడతాను," అని కూడా అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కొట్టలేదు. అది ఆవకాయ జాడీ మూత బిగిస్తోంది, చాలాసేపు బిగించింది.

మర్నాటికల్లా వాట్సాప్ గ్రూపు పుట్టింది. గ్రూపు బొమ్మగా సముద్రం ఎదుట పడక కుర్చీ. డెట్రాయిట్ వాళ్ళంటే ఆ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మొగుడూ పెళ్ళాలు. ఆయన కార్ల కంపెనీలో ఇంజినీరు, మనిషి మౌనం. ఆయన వాటా మాటలు కూడా ఆవిడే మాట్లాడుతుంది. మంచి మనిషి. శనివారం ఉల్లిపాయ తినదు.

డబ్లిన్ ఆయన ఎక్సెల్ తయారుచేశాడు. నేను వాట్సాప్‌లో తెలుగు మాత్రమే చదవగలను, ఎక్సెల్ మనవరాలు చదివి పెట్టేది. అందులో రోజుకో రంగు. మొదట అన్నీ ఖాళీ గళ్ళే. ఖాళీ గడిని చూస్తే ఆయనకి ఒళ్ళు జలదరిస్తుంది.

"ఎలాగూ ఇంగ్లండ్ వెళ్తున్నాం కదా, లండన్ చూడకుండా వస్తే నవ్వుతారు," అన్నాడు. నిజమే అన్నారు. "ఎలాగూ లండన్ దాకా వెళ్తున్నాం కదా, వేల ఏళ్ళనాటి ఆ నిలువు రాళ్ళు పక్కనే." రాళ్ళెందుకో నాకు అర్థం కాలేదు, మా గుంటూరు జిల్లా నిండా అవే. "ఎలాగూ కార్ తీసుకుంటున్నాం కదా, స్కాట్లండ్ ఒక టచ్ ఇచ్చి వద్దాం." తర్వాత ఐర్లండ్. అక్కడా ఒక డబ్లిన్ ఉందట. డబ్లిన్‌లో ఉంటూ డబ్లిన్ బోర్డు కింద నిలబడి ఫోటో దిగాలని ఈయన ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాడట. దానికి విమానం ఎక్కాలి. "చీప్ ఫ్లైట్సే," అన్నాడు.

ఇంతలో నా వీసా. మిగతావాళ్ళకి అమెరికా పాస్‌పోర్టులున్నాయి. నాది ఇండియాది కాబట్టి నేను వీసా తీసుకోవాలి. వీసా ఆఫీసుకి వెళ్ళే ముందు రోజంతా సంతకం ప్రాక్టీస్ చేశాను. నా పేరులో ఒక వత్తు ఉంది, అది వాలిపోకుండా నిలబెట్టాను. తీరా వెళ్తే అక్కడి పిల్ల ఒక గాజు పలక చూపించి, వేళ్ళు దాని మీద పెట్టమంది. అమెరికా వచ్చేటప్పుడు కూడా పెట్టించారు, అప్పుడు నాకు చదువు రాదని కాబోలు అనుకున్నాను. మా అల్లుడు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. జీవితమంతా వేలిముద్ర వేసి, చివరికి సంతకం నేర్చుకుని వెళ్తే, చదువుకున్నవాళ్ళందరి చేతా వేలిముద్రలే వేయిస్తున్నారు. నాకేం చిన్నతనం అనిపించలేదు. నా ముందు ఒక డాక్టరుగారు వేశారు.

ఇక ఇల్లు. మా అమ్మాయి ఆ చిన్నిల్లు గ్రూపులో పెట్టింది. వీడియో కాల్‌లో దాని మీద విచారణ జరిగింది.

"ఆంటీ, పొయ్యి చూశారా?" అంది డెట్రాయిట్ ఆవిడ. "దీని మీద మన అట్ల పెనం పట్టదు."

"మన ముగ్గురి ఫ్యామిలీస్‌కీ చాలదు," అన్నాడు డబ్లిన్ ఆయన. "పోనీ పక్కపక్కన మూడు ఇళ్ళు తీసుకుందామంటే కలిసి వెళ్ళిన ఫీల్ రాదు. పెద్ద ఇల్లు చూద్దాం. రిక్వైర్‌మెంట్స్ చెప్పండి, ఫిల్టర్స్ పెడతా."

అందరూ చెప్పారు. వంటిల్లుకి తలుపుండాలి, తాలింపు వాసన సోఫాలకి పట్టకూడదు. నాలుగు పొయ్యిలుండాలి. పొగ గొట్టం బయటికి పోవాలి. పొగకి అరిచే మిషన్ వంటింట్లో ఉండకూడదు, ఉంటే స్నానాల టోపీ తొడగడానికి అందే ఎత్తులో ఉండాలి. రెండు ఫ్రిజ్‌లు. ఇండియన్ స్టోర్ దగ్గర్లో ఉండాలి, కరివేపాకు దొరకాలి. గుడి ఉంటే మంచిది, ఎలాగూ వెళ్తున్నాం కదా.

నేనేమైనా ఊరుకున్నానా? "గ్రైండరు పెట్టుకోడానికి గట్టిగా ఉండే గట్టు కావాలి," అన్నాను. వండి పెడతానన్న మాట బాగా తలకెక్కింది. అప్పటికే కందిపొడి, నల్లకారం, కరివేపాకు కారం చేసి జిప్‌లాక్ సంచుల్లో కట్టేశాను. ఇల్లంతా వేయించిన మిరపకాయల ఘాటు. మా అమ్మాయి పైగదిలో దగ్గుకుంటూ మీటింగులు చేసుకుంది.

రైస్ కుక్కర్ మీద మాత్రం రెండు వారాలు చర్చ నడిచింది. అమెరికా కుక్కరు ఇంగ్లండ్ కరెంటుకి కాలిపోతుందట. ఇండియా కుక్కరు ఆ కరెంటుకి సరిపోతుంది కానీ పిన్ను పట్టదట. డెట్రాయిట్ ఆయన నోరు తెరవడం ఆ ఒక్కసారే చూశాను. కరెంటు గురించి చక్కగా వివరించాడు. అంతా విని ఆవిడ, "అయితే ఇండియా నుంచి కొత్తది తెప్పిద్దాం," అంది. హైదరాబాద్ నుంచి ఒక కుక్కరు అమెరికా వచ్చి, అమెరికా నుంచి ఇంగ్లండ్ వెళ్ళడానికి సిద్ధమైంది. గిన్నెలో అన్నం వార్చొచ్చు కదా అని ఎవరికీ తట్టలేదు. తట్టాల్సిన నాకు కూడా.

ఈ పనులన్నీ ఎవరు చేయాలి? "ట్రిప్ ఐడియా నీదే కదా, నువ్వే లీడ్ చెయ్యి," అని మా అమ్మాయికి అప్పజెప్పారు. గౌరవంగానే అప్పజెప్పారు. ఆఫీసు మీటింగులు అయ్యాక విశ్రాంతి మీటింగులు మొదలయ్యాయి. సోఫాలో కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్, ఎడం చేతికి బీపీ మిషన్ పట్టీ, కుడిచేత్తో టైపు. మిషన్ కుయ్యిమనేది. తొంగిచూసి, మళ్ళీ టైపు.

"ఎంతుందే?" అనేదాన్ని.

"పర్లేదమ్మా."

"పర్లేదంటే ఎంత?"

"అమ్మా, ఎక్సెల్‌లో రో ఫ్రీజ్ చేస్తున్నా, ఒక్క నిమిషం."

అల్లుడు వచ్చి దాని భుజం మీద చెయ్యేసి, "రిలాక్స్ అవ్వు, ఇంకా రెండు కాలమ్సే ఉన్నాయి," అనేవాడు. అతనికి దానిమీద ప్రేమ లేక కాదు. ఈ దేశంలో ప్రేమని కూడా గడుల్లో సర్దుకోవాలని నేర్చుకున్నారు, అంతే.

ఏప్రిల్‌లో డాక్టరమ్మ మందు మోతాదు పెంచింది. సెలవుకి ఎక్కడికైనా వెళ్తున్నారా అని అడిగిందట. ఇంగ్లండ్‌కి రెస్ట్ కోసమని మా అమ్మాయి చెప్పిందట. చాలా మంచి ఆలోచన, ముందే వెళ్ళాల్సింది అందట డాక్టరమ్మ.

ఆఖరి వీడియో కాల్ ఒక ఆదివారం సాయంత్రం పెట్టారు. ఇల్లు దొరికింది. డబ్లిన్ ఆయన ఫోటోలు తిప్పుతుంటే అందరూ ఆహా అన్నారు. తలుపున్న వంటిల్లు. ఆరు పొయ్యిలు. ఫ్రిజ్‌లు రెండు. గ్రైండరుకి నల్లరాతి గట్టు, అది చూసి నేను కూడా ఆహా అన్నాను. నడిచి వెళ్ళే దూరంలో ఇండియన్ స్టోర్, అందులో దొండకాయలు కూడా. పక్క వీధిలో గుడి.

"అన్ని ఫిల్టర్లూ పాస్ అయింది ఈ ఒక్కటే," అన్నాడు. "ఇంతకన్నా మంచిది ఇంగ్లండ్ మొత్తంలో లేదు. ఊరి పేరు లెస్టర్."

మా మనవరాలు నా పక్కన ఐప్యాడ్‌లో ఏదో చేసుకుంటోంది. "అమ్మమ్మా," అంది మెల్లగా, "నేను చూసాను మ్యాప్."

"ఏముంది?"

"వాటర్ లేదు."

"నీళ్ళు లేకపోవడమేంటే, కుళాయిలుంటాయిగా."

"నో, అమ్మమ్మా. బీచ్ వాటర్. బీచ్ ఎక్కడుంది? ఇది మిడిల్‌లో ఉంది."

అందరూ విన్నారు. డెట్రాయిట్ ఆవిడ మొగుడి వైపు చూసింది. మా అల్లుడు ఫోన్ తీశాడు. డబ్లిన్ ఆయన ఎక్సెల్ కిందికీ మీదికీ తిప్పాడు. వంటింటికి గడి ఉంది, పొగకి గడి ఉంది, కరివేపాకుకి గడి ఉంది. సముద్రానికి గడి లేదు. బీచ్ ట్రిప్ కాబట్టి బీచ్ ఉంటుందనే అందరూ అనుకున్నారు. గ్రూపు బొమ్మలో ఉంది కదా.

"నో ప్రాబ్లమ్," అన్నాడు కాస్త ఆగి. "రెండు రెండున్నర గంటల డ్రైవ్. డే ట్రిప్ పెట్టేద్దాం. బుధవారం ఔట్‌లెట్ మాల్‌కి ఎలాగూ వెళ్తున్నాం కదా, అట్నుంచటే బీచ్‌కి వెళ్ళి, ఓ గంట రిలాక్స్ అయి, డిన్నర్‌కి ఇంటికి వచ్చేయొచ్చు. ఆంటీ, ఆ రోజు మీరు పొద్దున్నే పులిహోర కలిపేస్తే..."

నేను మా అమ్మాయిని చూశాను. అది గట్టిగా ఏదైనా అంటుందనుకున్నాను. "సరే," అంది. "ఏదో ఒకటి. కానివ్వండి." లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని బుధవారంలో ఒక గడి చీల్చి, సముద్రం అని పెట్టి, ఆకుపచ్చ రంగు వేసింది. వేస్తూ ఎడం చేత్తో మెడ వెనక నొక్కుకుంది. ఫిబ్రవరిలో ఆ మధ్యాహ్నం మీటింగ్‌కి పైకి వెళ్తూ కూడా అక్కడే నొక్కుకుంది. మజ్జిగ తెస్తానంటే, "ఏదో ఒకటి తే," అంది.

డబ్లిన్ ఆయన, "రేపు నేను లేవగానే బుక్ చేసేస్తా, నాన్ రిఫండబుల్, ఎవరికైనా అబ్జెక్షన్ ఉందా?" అన్నాడు. ఎవరికీ లేదు. అందరూ చేతులూపుకుని కాల్ కట్ చేశారు.

ఆ రాత్రి పడుకున్నానే కానీ ఒకటే ఆలోచన. తలుపున్న వంటిల్లు ఎందుకు? నేను వండుతాను కాబట్టి. ఆరు పొయ్యిలు ఎందుకు? అదీ అందుకే. నేనంటూ లేకపోతే వాళ్ళకి కరివేపాకుతో పనేముంది? ఇంగ్లండ్ సముద్రాన్ని లెస్టర్‌కి తోసేసింది ఎవరో కాదు, నా గుత్తొంకాయ. ఇసకలో పాక వేసి జనాన్ని సముద్రం చూడనివ్వకపోవడం మా ఇంటి వ్యాపారమే కదా, ఇక్కడికొచ్చి మళ్ళీ తెరిచాను.

మర్నాడు పొద్దున్నే లేచాను. కాలిఫోర్నియా మాకన్నా మూడు గంటలు వెనక, ఆయన లేవడానికి ఇంకా చాలా టైముంది. స్నానం చేసి, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఫోన్ తీసి గ్రూపు తెరిచాను. అందులో అప్పటిదాకా నేను దణ్ణం బొమ్మలే పెట్టాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. "నేను వంట చెయ్యను." పంపించాను.

ముందు మా అల్లుడే కాఫీ కోసమని దిగొచ్చాడు, ఫోన్ చూసుకుంటూ.

"అత్తయ్యా, మీ ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారా?"

"లేదు బాబూ. నేనే."

"అంటే... ఈ రోజుకా?"

"ఇంగ్లండ్‌లో."

డెట్రాయిట్ ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది. "ఆంటీ, ఒంట్లో బాగోలేదా?"

"బాగుంది," అని రాశాను. తర్వాత ఇంకొకటి కూడా రాయాలనిపించింది. "మా అమ్మాయికి బాగోలేదు. దానికి సముద్రం కావాలి." చదువుకున్నవాళ్ళు ఇన్ని వారాలుగా ఇంగ్లీషులో చెప్పుకోలేకపోయారు కాబట్టి తెలుగులో చెప్పాను.

డెట్రాయిట్ ఆవిడ ఒక దణ్ణం పెట్టి, మేం ఇంకోసారి వస్తాం, మీరు వెళ్ళి రండి అంది. డబ్లిన్ ఆయన లేచాక అంతా చదివి, ఒక్క క్షణం కూడా బాధపడలేదు. "ఎలాగూ ఆంటీ వండట్లేదు కదా, మనం ఇండియన్ ఫుడ్ పెట్టే క్రూజ్ చూద్దామా?" అన్నాడు. డెట్రాయిట్ ఆవిడ వెంటనే, "ఉల్లిపాయ లేకుండా చేస్తారా కనుక్కోండి," అంది. కొత్త గ్రూపు పుట్టింది. అందులో మేం లేము.

మా అమ్మాయి అప్పటికి కిందికొచ్చింది. జుట్టు కూడా ముడేసుకోలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"అమ్మా, పరువు తీశావు కదే," అంది. నవ్వుతోంది.

"ఆ చిన్నిల్లు తియ్యి, చూద్దాం. ఎవరైనా తీసేసుకున్నారేమో."

లాప్‌టాప్ తెరిచి చాలాసేపు వెతికింది. "ఇంకా ఉంది. చూడ్డానికి ఏమీ లేదుగా, ఎవరు తీసుకుంటారు?" అంది. అప్పటికప్పుడే బుక్ చేసేసింది. నేను బీపీ మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టాను. తర్వాత చూద్దాంలే అంది.

ఆకలేస్తోందన్నారు. ఫ్రీజర్‌లో ఇండియన్ స్టోర్ నుంచి అల్లుడు ఎప్పుడో తెచ్చి దాచుకున్న ఇడ్లీ ప్యాకెట్ ఉంది. నేనున్న ఇంట్లో దాన్ని తెరవనివ్వలేదు ఇన్నాళ్ళూ. ఆ పొద్దున నేనే కత్తెరతో కోసి, మైక్రోవేవ్‌లో పెట్టాను. ఇంగ్లండ్‌కని కట్టిన నల్లకారం సంచీ విప్పి, నెయ్యేసి పెట్టాను. ఇడ్లీలు రబ్బరులా ఉన్నాయి. మా నాన్న చూస్తే ప్లేటు లాక్కుని ఇసకలోకి విసిరేసేవాడు. మేం తిన్నాం. మా అమ్మాయి మూడు తిని, పైకి వెళ్ళకుండా సోఫాలో పడుకుని, ఆఫీసుకి ఈ రోజు రాలేనని చెప్పమని మొగుడితో అని, నిద్రపోయింది.

ప్లేట్లు మా అల్లుడు కడిగాడు. జిడ్డు వదల్లేదు. నేను మళ్ళీ కడగలేదు.